కీ తిప్పితే ఒక్క ‘టక్’, ఇంజన్ కదలదు: సెల్ఫ్ మోటారు ఇంట్లోనే విప్పి మార్చుకోవచ్చా?

కొల్లేటి గాలి:

అందరికీ నమస్కారం. బండి 2013 వ్యాగన్ ఆర్, 1.0 పెట్రోల్, మాన్యువల్ గేర్లు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ బాగానే తీసుకుంటుంది. ఓ అరగంట నడిపి ఆపేసి, కాసేపాగి మళ్లీ కీ తిప్పితే బానెట్ కింద గట్టిగా ఒక్క ‘టక్’ వినిపిస్తుంది, అంతే. కీ అలాగే పట్టుకున్నా ఇంకేమీ జరగదు. ఆ సమయంలో హెడ్‌లైట్ వేసి చూస్తే వెలుగు పెద్దగా తగ్గట్లేదు. వదిలి వదిలి తిప్పుతుంటే ఏదో ఒకసారి అందుకుంటుంది. తోస్తే వెంటనే స్టార్టవుతుంది.

బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.5 వోల్టులు చూపిస్తోంది. టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించాను. మెకానిక్ చూడకుండానే సెల్ఫ్ మొత్తం మార్చాలన్నారు.

తప్పు సెల్ఫ్‌దేనని మార్చకముందే ఎలా తేల్చుకోవాలి? ఇంటి దగ్గర మామూలు పానాలతో ఈ పని అవుతుందా? కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చా? మల్టీమీటరు, రాచెట్ సెట్టు, జాకీ నా దగ్గర ఉన్నాయి.

ఆటోనగర్ 12 వోల్ట్:

మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్ అయిందనో, ఎక్కడో క్లాంపు వదులైందనో అనుకోవాలి. ఒకే ఒక్క గట్టి ‘టక్’, పైగా లైటు తగ్గకపోవడం అంటే సోలినాయిడ్ (కీ తిప్పగానే మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) లాగుతోంది కానీ మోటారును తిప్పే కరెంటు లోపలికి వెళ్లట్లేదు. లైటు బాగా మసకబారి ఒక్క టక్ వస్తే కథ వేరు: బ్యాటరీలో సెల్ పోయిందో, మోటారు బిగుసుకుపోయి కరెంటు విపరీతంగా లాగుతోందో చూడాలి.

అయినా విప్పకముందు మీటరుతో తేల్చుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి. అప్పుడు సెల్ఫ్ అందుకున్నా ఇంజన్ స్టార్టవదు, మీరు ప్రశాంతంగా రీడింగ్ తీసుకోవచ్చు. కీ తిప్పడానికి లోపల ఒకరు కూర్చోవాలి. ఒక్కోసారి 5 సెకన్లకు మించి తిప్పించకండి, ఎందుకో కింద చెబుతాను.

మొదట మీటరు బ్యాటరీ మేకుల (క్లాంపులు కూర్చునే సీసపు కాడలు) మీదే పెట్టండి, క్లాంపుల మీద కాదు. కీ తిప్పినప్పుడు ఎంతకు పడుతుందో చూడండి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కింద పడకూడదు. ఊరికే ఉన్నప్పుడు చూపించే 12.5 మీద ఆధారపడొద్దు. ఒక సెల్ బలహీనమైన బ్యాటరీ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.5 చూపించి, లోడు పడగానే 7కి జారిపోతుంది.

తర్వాత సెల్ఫ్ దగ్గర సన్న వైరు. సోలినాయిడ్ మీద మూడు కనెక్షన్లు ఉంటాయి. బ్యాటరీ నుంచి లావు వైరు వచ్చి బిగించిన పెద్ద బోల్టు ఒకటి, దాన్ని 30 అంటారు. అక్కడి నుంచి మోటారు లోపలికి చిన్న రాగి తీగ వెళ్లే రెండో పెద్ద బోల్టు, అది ఎం. కీ నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) మీదుగా వచ్చే సన్న వైరు 50. మీటరు నల్ల తీగ ఇంజన్ లోహానికి, ఎర్ర తీగ 50 దగ్గర పెట్టి కీ తిప్పించండి. 10 పైన వస్తే కీ స్విచ్చి, రిలే, వైరు బాగున్నట్టే. 8 దగ్గరో ఇంకా కిందో ఉంటే సెల్ఫ్‌ని విప్పడం దండగ. రిలే కాళ్లు, కీ స్విచ్చి వెనక కనెక్టరు చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. మీటరు రెండు తీగలూ రెండు పెద్ద బోల్టుల మీద, అంటే 30 మీద ఒకటి, ఎం మీద ఒకటి పెట్టండి. కీ తిప్పకముందు దాదాపు బ్యాటరీ వోల్టేజీ చూపిస్తుంది. టక్ మన్నాక అది సున్నాకి దగ్గరగా రావాలి. లోపల రాగి కాంటాక్టులు కలిస్తే రెండు బోల్టులూ ఒకటే కదా. టక్ మన్నా ఇంకా 11, 12 వోల్టులే చూపిస్తుంటే కాంటాక్టులు కాలిపోయి కలవట్లేదు. సున్నాకి వచ్చి, ఎం దగ్గర 12 ఉండి కూడా మోటారు తిరగకపోతే తప్పు కార్బన్లదో (తిరిగే భాగానికి రుద్దుకుంటూ కరెంటు అందించే ముక్కలు), ఆర్మేచర్‌దో (ఆ తిరిగే భాగం).

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. లావు వైరులో నష్టం ఎంతో చూద్దామని బ్యాటరీ ప్లస్ నుంచి 30 బోల్టు దాకా మీటరు పెడతారు. 0.5 వోల్టుకు మించకూడదు, మైనస్ మేకు నుంచి ఇంజన్ బ్లాకు దాకా 0.3కి మించకూడదు, ఆ లెక్క నిజమే. కానీ కరెంటు పారుతున్నప్పుడే ఆ నష్టం కనబడుతుంది. చిన్న పెట్రోల్ ఇంజన్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్ల దాకా లాగుతుంది. మీ బండిలో టక్ దగ్గరే ఆగిపోతోంది కాబట్టి ఆ కరెంటు పారదు, కుళ్లిన వైరు కూడా మంచిదానిలా సున్నా చూపిస్తుంది. అందుకే ఆ రెండు రీడింగులూ పొద్దున చల్లగా ఉండి సెల్ఫ్ తిరిగేటప్పుడు తీసుకోండి. మిగతావి వేడి మీద, తప్పు కనబడుతున్నప్పుడే తీయాలి.

5 సెకన్లు అని ఎందుకన్నానంటే, సోలినాయిడ్‌లో రెండు చుట్లుంటాయి. ఒకటి లాగేది, రెండోది పట్టి ఉంచేది. లాగే చుట్టు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, మోటారు గుండా ఎర్తవుతుంది. కాంటాక్టులు కలిసిన క్షణంలో దాని రెండు కొసలూ ప్లస్‌లోకి వచ్చి అది విశ్రాంతిలోకి పోవాలి. కాంటాక్టులు కలవకపోతే కీ పట్టుకున్నంతసేపూ అందులో కరెంటు పారుతూనే ఉంటుంది, చుట్టు కాలిపోతుంది.

వేడి మీదే ఎందుకు ఇబ్బంది అంటే, రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలు ఎక్కితే దాదాపు పావు వంతు. దాంతో కరెంటు తగ్గి లాగే బలమూ తగ్గుతుంది. కొత్త సెల్ఫ్‌కి అది లెక్కలోకి రాదు, అరిగిన కాంటాక్టు ఉన్నదానికి ఆ కాస్త బలమే ముఖ్యం.

కొల్లేటి గాలి:

చాలా వివరంగా చెప్పారు సర్. రీడింగులు ఇవి. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీ మేకుల మీద 10.6, ప్లస్ వైరు నష్టం 0.2, ఎర్త్ వైపు 0.1. వేడి మీద టక్ మని ఆగినప్పుడు మేకుల మీద 12.2, సన్న వైరు దగ్గర 11.3, రెండు పెద్ద బోల్టుల మధ్య 11.8. అంటే కాంటాక్టులేనా? అయితే దించడం ఎలాగో ఎవరైనా చెప్పండి.

ఆటోనగర్ 12 వోల్ట్:

కాంటాక్టులే. అంత గట్టి టక్ వస్తోందంటే లాగే చుట్టుకి కార్బన్ల గుండా ఎర్త్ అందుతోందన్నమాట, కాబట్టి కార్బన్లు కనీసం తాకుతున్నాయి. బ్యాటరీ, వైర్లు, రిలే మీద ఇక పైసా ఖర్చు పెట్టకండి.

రింగ్ పానా:

దించడం గురించి నేను రాస్తాను. పని కష్టం కాదు, చోటు ఇరుకు. అదే ఇబ్బంది.

కావలసినవి: 10, 12, 14 సాకెట్లు, 14 రింగ్ పానా, ఓ పొడుగు ఎక్స్‌టెన్షన్, మడత తిరిగే జాయింటు, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్షు, టార్చి, బోల్టులు వేసుకోవడానికి ఒక గిన్నె. జపాన్ డిజైన్ ఇంజన్లలో సెల్ఫ్‌ని పట్టుకునే బోల్టులు ఎక్కువగా 12 లేదా 14 తలతో ఉంటాయి, రెండే ఉంటాయి. 30 నట్టు 12 గానీ 13 గానీ పడుతుంది.

ముందు బ్యాటరీ మైనస్ క్లాంపు తీయాలి. ప్లస్ ముందు తీయకూడదు. ఎందుకంటే సెల్ఫ్‌కి వచ్చే లావు వైరుకి చాలా బళ్లలో ఫ్యూజు ఉండదు, కీ ఆఫ్ చేసినా ప్రాణంతోనే ఉంటుంది. మైనస్ ఉండగా పానా ఆ నట్టుకీ బాడీకీ మధ్య తగిలిందా, వందల ఆంపియర్లు దాని గుండానే పోతాయి. చేతికి వాచీ, ఉంగరం, కడియం ఏదున్నా తీసేసి మొదలుపెట్టండి.

సెల్ఫ్ ఎక్కడుందో వెతకడానికి సులువు పద్ధతి, బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరే లావు వైరు వెంట వెళ్లడం. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట, గేర్‌బాక్స్ గూడుకి పక్కన గుండ్రటి డబ్బా, దాని మీద చిన్న డబ్బా కనబడతాయి. చిన్నది సోలినాయిడ్. టార్చి వేసి, పైనుంచి చెయ్యి అందుతుందా, కిందనుంచే వెళ్లాలా అని ముందే తేల్చుకోండి. పైనుంచి అయితే బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసేయడం మంచిది. ఇది చూసి చాలామంది బద్ధకిస్తారు. ఆ పావుగంట పెడితే మిగతా పని సగం టైములో అయిపోతుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం నోట్లో గుడ్డ కుక్కండి, ఒక నట్టు లోపలికి జారితే ఇంజనే విప్పాల్సి వస్తుంది.

వైర్లు తీయకముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సన్న వైరు కనెక్టరుకి చిన్న నాలుక ఉంటుంది, దాన్ని నొక్కి లాగాలి, వైరు పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది. 30 మీది రబ్బరు టోపీ వెనక్కి తోసి నట్టు విప్పండి. నట్టు బిగుసుకుని ఉంటే బలవంతం చేయకండి, స్ప్రే కొట్టి ఓ పది నిమిషాలు ఆగండి. ఆ బోల్టు రాగిది, ప్లాస్టిక్ మూతలో కూర్చుని ఉంటుంది. పట్టుగా తిప్పితే బోల్టే మూతలో తిరిగిపోతుంది.

తర్వాత రెండు బోల్టులు. ముందు కిందది పూర్తిగా తీసి, పైది చివరికి ఉంచుకోండి. సెల్ఫ్ బరువు సుమారు 3 కిలోలుంటుంది, ఆఖరి బోల్టు వచ్చేటప్పుడు ఒక చేత్తో పట్టుకోవాలి. ఒక బోల్టు పొడుగు, ఒకటి పొట్టి ఉండొచ్చు; ఒకదానికే ఎర్త్ వైరో, క్లిప్పో తగిలించి ఉండొచ్చు. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. బోల్టులు వచ్చాక సెల్ఫ్ ఇరుక్కుని కదలకపోతే స్క్రూడ్రైవరుతో పెకలించకండి. చుట్టూ అల్యూమినియమే. చేత్తో పట్టుకుని కాస్త అటూ ఇటూ తిప్పుతూ సూటిగా వెనక్కి లాగండి.

సెల్ఫ్ బయటికి వచ్చాక ఆ కన్నంలోంచి ఫ్లైవీల్ (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం) చుట్టూ ఉన్న రింగ్ పళ్లు తప్పకుండా చూడండి. ఇది ఎవరూ చేయరు, కొత్త సెల్ఫ్ వేసి వారం తిరక్కుండా ‘గర్ర్’ మని చప్పుడు వస్తోందంటారు. ఇంజన్ ఆగినప్పుడల్లా ఎక్కడో ఒకచోట ఆగదు. కంప్రెషన్ వల్ల నాలుగు సిలిండర్లదైతే రెండు చోట్ల, మీ మూడు సిలిండర్లదైతే మూడు చోట్ల దరిదాపుల్లోనే ఆగుతుంది. బెండిక్స్ (సెల్ఫ్ కొసన ముందుకు దూకే చిన్న పళ్ల చక్రం) పళ్లు వచ్చి గుద్దుకునేది అక్కడే కాబట్టి అరుగుదలా అక్కడే ఉంటుంది. క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి సవ్యదిశలో మెల్లగా తిప్పుతూ పూర్తి చుట్టు చూడాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. పళ్ల అంచులు కాస్త గుండ్రంగా అయితే ఫరవాలేదు. వరసగా పళ్లు విరిగి ఉంటే గేర్‌బాక్స్ దించాల్సిందే, అది ఇంటి పని కాదు.

గులాబి గ్యారేజ్:

అన్నా, ఒక మాట. కిందికెళ్లి తీయాల్సి వస్తె జాకీ మీద అస్సలు నమ్మకం పెట్టుకోవద్దు. రెండు జాకీ స్టాండ్లు ఆనిచ్చి, వెనక చక్రాలకు రెండు దిక్కులా కట్టె మొద్దులు పెట్టి, బండిని చేత్తోని గట్టిగ ఊపి చూసినంకనే కిందికి దూరాలె. ఇటుకల మీద ఆనిస్తరు కొందరు, ఇటుక పగిలేముందు చెప్పదు. స్టెప్నీ చక్రం గూడ బండి కింద అడ్డం పండబెడితె ఇంకింత మంచిది.

మైనస్ క్లాంపు తీసినంక గుడ్డ సుట్టి పక్కకు కట్టెయ్యున్రి, ఊకెనే వదిలిపెడితె స్ప్రింగు లెక్క మళ్ల మేకు మీదికే వస్తది. వేడి ఇంజన్ మీద పని మొదలువెట్టకున్రి, సైలెన్సర్ గొట్టం సెల్ఫ్ పక్కనుంచే పోతె మోచెయ్యి కాలుతది.

ఇంకోటి. స్క్రూడ్రైవరుతోని 30కి, 50కి షార్టు కొట్టి సెల్ఫ్ తిప్పుతరు చానామంది. గేరుల ఉన్నదా లేదా చూసుకోకుంట చేస్తె బండి ముందుకు దుంకుతది, ముంగట నిలబడ్డోని పని అయిపోతది. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ రెండూ చూసుకోని చేయాలె, అసలు చేయకుంటెనే మంచిది.

బెండిక్స్ బాబాయ్:

సెల్ఫ్ దిగిందనుకుందాం. కొత్తది కొనాలా అన్న మాటకి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: లోపలికి చూడకుండా కొనొద్దు. ఆర్మేచర్, బెండిక్స్ బాగుంటే సోలినాయిడ్, కార్బన్ సెట్టు, బుష్‌లు (షాఫ్టు కొసలు తిరిగే గూళ్లు) మార్చుకుంటే సరిపోతుంది. ఖర్చు కొత్త మోటారులో చిన్న భాగం. పెట్టెలో వచ్చే పేరులేని చవక మోటారు కంటే కంపెనీ ఆర్మేచర్ ఉన్న మీ పాతదే మేలు.

ముందు సోలినాయిడ్. డెన్సో రకం కొన్నిటిలో, పెద్ద టయోటా బళ్లలో వచ్చేవాటిలో, వెనక మూత మూడు స్క్రూలతో ఊడుతుంది. లోపల రెండు రాగి కాంటాక్టులు, మధ్యలో రాగి బిళ్ల ఉన్న ప్లంజరు (చుట్టు లాగే ఇనుప కడ్డీ) కనబడతాయి. బ్యాటరీ వైపు కాంటాక్టే ఎక్కువ కాలి ఉంటుంది, మెట్టులా గుంట పడుతుంది. రెండూ కొత్తవి వేసి, బిళ్ల అరిగితే ప్లంజరూ మార్చేస్తే పని అయిపోతుంది. చిన్న కార్లలో ఎక్కువగా వచ్చే రకంలో మూత నొక్కి మూసేసి, చుట్ల కొసలు టంకం వేసి ఉంటాయి. తెరిచి అతికించినా నీళ్లు ఆగవు. అది మొత్తంగా మార్చేయండి: ఎం నట్టు విప్పి తీగ పక్కకి తప్పించి, ముందు వైపు రెండు మూడు స్క్రూలు తీసి, ప్లంజరు కొక్కేన్ని ఫోర్కు (బెండిక్స్‌ని ముందుకు తోసే మీట) నుంచి తప్పిస్తే వచ్చేస్తుంది. ఆ స్క్రూలు భలే బిగుసుకుని ఉంటాయి. తలకి సరిగ్గా సరిపోయే బిట్టు పెట్టి, సుత్తితో ఒక దెబ్బ వేసి తిప్పండి.

కొత్త సోలినాయిడ్ తెచ్చేముందు మోటారు మీది ప్లేటు మీద ఉన్న నెంబరు రాసుకుని వెళ్లండి. ఒకే మోడల్ కారుకి సంవత్సరాన్ని బట్టి లూకాస్ టీవీఎస్‌దో, డెన్సోదో, వేరే కంపెనీదో ఉండొచ్చు. చూడటానికి ఒకేలా ఉన్నా కొక్కెం పొడుగు తేడా వస్తుంది. పొట్టి అయితే బెండిక్స్ పూర్తిగా బయటికి రాదు, పళ్ల కొసలే కలిసి రింగును తినేస్తాయి.

తర్వాత వెనక మూత తీసి కార్బన్లు. కొత్తదాని పొడుగులో సగం దాకా అరిగితే మార్చేయాలి. అరిగిన కార్బన్‌ని స్ప్రింగు సరిగ్గా నొక్కలేదు, నిప్పులు రేగి కమ్యుటేటర్ (కార్బన్లు రుద్దుకునే రాగి పట్టీల ఉంగరం) పాడవుతుంది. కార్బన్ పొడి బ్రష్షుతో దులపండి, పెట్రోలు పోసి కడగకండి, అది చుట్ల వార్నిష్‌లోకీ బుష్‌లోకీ దిగుతుంది. కమ్యుటేటర్ నల్లబడితే 400 నెంబరు ఉప్పు కాగితం చుట్టి, ఆర్మేచర్‌ని తిప్పుతూ సమంగా రుద్దాలి. రాగి పట్టీల మధ్య గాడి లోతు కనీసం 0.2 మి.మీ. ఉండాలి, కొత్తదానిలో 0.6 దాకా ఉంటుంది. గాడి పూడిపోతే హ్యాక్సా బ్లేడు ముక్కతో గీకి శుభ్రం చేయండి. మీటరు ఓమ్స్‌లో పెట్టి పట్టీకీ ఆర్మేచర్ ఇనుముకీ మధ్య చూస్తే ఏమీ చూపించకూడదు. చూపిస్తే ఆర్మేచర్ లోపల ఎర్తయింది, అప్పుడు మోటారు మార్చడమే న్యాయం.

బెండిక్స్‌ని చేత్తో తిప్పండి. ఒక వైపు హాయిగా తిరగాలి, రెండో వైపు ఆర్మేచర్‌తో సహా పట్టేయాలి. రెండు వైపులా తిరిగితే బెండిక్స్ లోపలి, ఒక వైపే తిరగనిచ్చే క్లచ్ పోయింది. ఇంజన్ కదలకుండా సెల్ఫ్ ఒక్కటే ‘గుయ్’ మని తిరిగే జబ్బు దీనిదే. క్లచ్ భాగాన్ని కిరోసిన్‌లో ముంచి కడగొద్దు, లోపల కంపెనీ వేసిన గ్రీజు పోతుంది. గుడ్డతో తుడిస్తే చాలు. షాఫ్టు మీది మెలిక గాళ్లకి పలచగా గ్రీజు రాయండి. ఎక్కువ రాస్తే ఫ్లైవీల్ గూట్లోని క్లచ్ ప్లేటు ధూళి అంతా వచ్చి అతుక్కుని, ముద్దయి బెండిక్స్ వెనక్కి రాకుండా పట్టేస్తుంది.

సుత్తితో మోటారును కొట్టే అలవాటు ఉన్నవాళ్లకి ఒక మాట. ఇప్పటి చిన్న సెల్ఫ్‌లలో ఎక్కువ భాగం లోపల ఫీల్డ్ కాయిళ్లు ఉండవు, డబ్బా గోడకి అయస్కాంతాలు అతికించి ఉంటాయి. గట్టిగా కొడితే అయస్కాంతం పగిలి ముక్కలు ఆర్మేచర్‌లో పడతాయి. దారిలో ఆగిపోయినప్పుడు పానా పిడితో మెల్లగా తట్టడం వరకే.

బిగించేముందు బల్ల మీద పరీక్ష చేయాలి. మోటారును వైస్‌లో బిగించండి, లేకపోతే ఎగిరిపడుతుంది. ఎం నుంచి మోటారు తీగ తీసేయండి. బ్యాటరీ మైనస్ ఒక వైరుతో మోటారు ఒంటికీ, ఇంకో వైరుతో ఎం బోల్టుకీ ఇవ్వండి. ప్లస్ 50కి తాకించగానే బెండిక్స్ ముందుకు దూకాలి. లాగే చుట్టు బాగుంది. ప్లస్ అలాగే ఉంచి ఎం నుంచి మైనస్ తీసేయండి. బెండిక్స్ బయటే నిలబడాలి. పట్టే చుట్టు బాగుంది. ఇప్పుడు ఒంటి మీది మైనస్ తీస్తే వెంటనే లోపలికి వెళ్లిపోవాలి, స్ప్రింగు బాగుంది. మూడూ కలిపి 5 సెకన్లలో ముగించండి. ఆ తర్వాత ఎం తీగ బిగించి, జంపర్ కేబుల్‌తో 30కి ప్లస్, ఒంటికి మైనస్ ఇచ్చి, 50ని తాకిస్తే మోటారు తడబడకుండా తిరగాలి. కేబుల్ తీసేటప్పుడు నిప్పురవ్వలు వస్తాయి, బ్యాటరీ మూతలకి దూరంగా ఉండండి.

డల్లాస్ షెడ్:

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది చదివితే వాళ్ల కోసం కొంచెం కలుపుతున్నానండి. ఇక్కడ కార్బన్లు, బుష్‌లు విడిగా దొరకడం కష్టం, రీబిల్ట్ (పాతదాన్ని బాగుచేసి అమ్మే) మోటారు తెచ్చి వేయడమే ఎక్కువ. కొనేటప్పుడు కోర్ డిపాజిట్ పట్టుకుంటారు, పాత మోటారు తిరిగిస్తే వెనక్కిస్తారు, కాబట్టి కొత్తదాని పెట్టె పారేయకండి. ఆటోజోన్ లాంటి విడిభాగాల షాపుల్లో దించిన మోటారును ఉచితంగానే పరీక్షిస్తారు. పాతది తీసుకెళ్లినప్పుడు కొత్తదాన్ని కూడా అక్కడే మెషీన్ మీద తిప్పించి తెచ్చుకోండి. రీబిల్ట్‌లలో పెట్టెలోంచే చెడ్డవి వస్తుంటాయి, బిగించాక తెలిస్తే పని అంతా మళ్లీ మొదటికి వస్తుంది.

రెండు మోటార్లూ పక్కపక్కన పెట్టి చూడాల్సినవి: బెండిక్స్ పళ్ల సంఖ్య, బోల్టు కన్నాల చోటు, కన్నంలో మరలు ఉన్నాయా లేదా, సన్న వైరు కనెక్టరు ఆకారం. మోటారుకీ ఇంజనుకీ మధ్య పల్చటి రేకులు కనబడితే, పాత జనరల్ మోటార్స్ ఇంజన్లలో ఉంటాయి, పళ్ల సందు సరిచేయడానికి పెట్టినవి అవి. ఎన్ని వచ్చాయో అన్నీ అక్కడే పెట్టండి.

ఆటోమేటిక్ బండి అయితే పార్క్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఒకసారి కీ తిప్పండి. న్యూట్రల్‌లో తీసుకుని పార్క్‌లో తీసుకోకపోతే గేరు స్థానం చెప్పే స్విచ్చిది తప్పు, సెల్ఫ్‌ది కాదు. ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే బోల్టులకి ముందు రోజు రాత్రే తుప్పు స్ప్రే కొట్టి ఉంచండి. బోల్టు తల తెగితే గంట పని రెండు రోజులవుతుంది.

కొల్లేటి గాలి:

సెల్ఫ్ దించాను. సోలినాయిడ్ మూత నొక్కేసిన రకమే. కార్బన్లు సగానికి పైగానే మిగిలాయి, కమ్యుటేటర్ బాగుంది, బెండిక్స్ ఒక వైపే తిరుగుతోంది, రింగ్ పళ్లు మూడు చోట్ల అంచులు కాస్త గుండ్రమయ్యాయి కానీ విరగలేదు. అయితే మోటారు ఒళ్లంతా నూనె జిడ్డు. సోలినాయిడ్ కొత్తది నెంబరు చూసి తెచ్చాను, బల్ల మీద మూడు పరీక్షలూ పాసయింది. కార్బన్లు ఉంచేయనా? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

బెండిక్స్ బాబాయ్:

ఎలాగూ విప్పారు కదా, కార్బన్ సెట్టు కూడా వేసేయండి బాబూ, ఖర్చు తక్కువ, మళ్లీ దించే పని తప్పుతుంది. వెనక బుష్‌లో షాఫ్టు ఊగుతుంటే అదీ మార్చండి. నూనె సంగతి మాత్రం వదలొద్దు. పైన ట్యాపెట్ కవరు (ఇంజన్ పై మూత) ప్యాకింగు దగ్గర తడి ఉందా చూడండి, అక్కడి నుంచి కారి మోటారు మీద పడితే కార్బన్ పొడితో కలిసి ముద్దవుతుంది, కొత్త కార్బన్లు గూట్లోనే ఇరుక్కుంటాయి. ప్యాకింగు మార్చాకే సెల్ఫ్ ఎక్కించండి.

రింగ్ పానా:

బిగించడంలో ముఖ్యమైనది మోటారు కూర్చునే ముఖం. సెల్ఫ్‌కి విడిగా ఎర్త్ వైరు ఉండదు, ఆ వంద ఆంపియర్లూ ఆ ముఖం నుంచే ఇంజన్‌లోకి వెళ్లాలి. రెండు వైపులా వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దండి. రంగు గానీ సీలెంటు గానీ రాయకండి.

మోటారును చేత్తో సూటిగా తోసి పూర్తిగా కూర్చోబెట్టి, రెండు బోల్టులూ వేళ్లతో నాలుగైదు చుట్లు ఎక్కించాకే పానా పట్టుకోండి. వంకరగా ఉన్నదాన్ని బోల్టుతో లాక్కొని బిగిస్తే అల్యూమినియం చెవి విరుగుతుంది. మీ బండి మాన్యువల్లో టార్క్ అంకె ఉంటే అదే పాటించండి. లేకపోతే 10 మి.మీ. మరకి 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగండి. 30 నట్టుకి 10 న్యూటన్ మీటర్లు చాలు. పొట్టి పానాతో మణికట్టు బలం వరకే. వైరు రింగు, నట్టు శుభ్రం చేసి బిగించి, రబ్బరు టోపీ తప్పకుండా వేయండి; వానల్లో ఆ బోల్టే ముందు పచ్చబడుతుంది. వైర్లు సైలెన్సర్‌కి తగలకుండా పాత క్లిప్పుల్లోనే పెట్టండి.

బ్యాటరీ మైనస్ ఆఖరికి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు ఇంకా పెట్టకుండా, న్యూట్రల్‌లో 3 సెకన్లు తిప్పి చప్పుడు వినండి. శుభ్రంగా ఒకే వేగంతో తిరిగితే ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయండి. గర్ర్ మంటే వెంటనే ఆపి, మోటారు ముఖం సరిగ్గా ఆనిందో లేదో చూడండి. ఇంజన్ అందుకున్నాక కూడా ‘కుయ్’ మని సన్నటి కూత ఆగకపోతే బెండిక్స్ వెనక్కి రావట్లేదు, ఇంజన్ ఆపేయాలి. అలాగే వదిలితే ఇంజన్ వేగం ఆర్మేచర్‌ని చీల్చేస్తుంది.

బ్యాటరీ తీసినందువల్ల మొదట్లో ఐడిలింగ్ కాస్త ఎక్కువ తక్కువ కావచ్చు, కొంతసేపు నడిపితే సర్దుకుంటుంది. చివరగా ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మేకుల మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. తర్వాత అరగంట తిప్పి బాగా వేడెక్కాక ఆపి, మళ్లీ కీ తిప్పుతూ 30కీ ఎంకీ మధ్య రీడింగ్ తీసి ఇక్కడ రాయండి. 0.3 లోపు వస్తే కొత్త కాంటాక్టులు సరిగ్గా కూర్చున్నట్టే.